మోటారు కాలితే ముందు లైను చూడండి

రైస్ మిల్లుల్లో మోటార్లు చూసుకుంటూ తల నెరిసినవాణ్ణి. కొత్తగా పానా పట్టిన అబ్బాయిల కోసం ఈ నాలుగు మాటలు.

1. మోటారు కాలగానే రివైండింగు షాపుకు పంపేయకండి. అక్కడే కవరు విప్పి టార్చి వేసి చూడండి. కాయిళ్లన్నీ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైనట్టు, లేదా మోటారుకు గాలి ఆడనట్టు. కొన్ని మాడిపోయి, పక్కవి కొత్తవాటిలా నిగనిగలాడుతుంటే ఒక ఫేజు పోయినట్టు. స్టార్ కనెక్షనైతే రెండు ఫేజుల కాయిళ్లు కాలి ఒకదానివి మిగులుతాయి. డెల్టా అయితే ఒకటే కాలి రెండు మిగులుతాయి. ఒక్కచోటే రాగి కరిగి ముద్దయితే కాయిల్లో చుట్లు షార్టయినట్టు. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. షాపువాళ్లు పాత తీగ కోసి పారేశాక ఇవేవీ తెలియవు.

2. ఫేజు పోయిందంటే ఓనరు ఒప్పుకోడు. "ఆఫీసులో లైట్లు వెలుగుతున్నాయి కదయ్యా" అంటాడు. వెలుగుతాయి మరి. ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోయిందనుకోండి. అటు డెల్టా, ఇటు స్టార్ కాబట్టి ఒక ఫేజులో 240 నిక్షేపంగా ఉంటుంది. మిగతా రెండింటిలో సగమే వస్తుంది. ఆ రెండింటి మధ్య మీటరు పెడితే దాదాపు సున్నా. ఇదంతా మోటార్లు ఆపి చూసినప్పటి మాట. ఒక ఫేజు పోయినా తిరుగుతున్న మోటారు, ఆ పోయిన ఫేజులో తానే వోల్టేజి పుట్టించి మీటరును బురిడీ కొట్టిస్తుంది. అందుకే నడుస్తున్నప్పుడు టంగ్ టెస్టరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ చూడాలి. ఫేజుల వోల్టేజిలో ఒక్క శాతం తేడా ఉంటే ఆంపియర్లలో అది ఆరు నుంచి పది శాతంగా బయటపడుతుంది.

3. వోల్టేజిని లోడు మీద, మోటారు టర్మినల్ బాక్సులోనే చూడండి. ప్యానెల్లో 415 ఉండి మోటారు దగ్గర 370 వస్తే, ఆ 45 వోల్టులూ దారిలోనే పోతున్నాయి. మోటారు లాగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక ఐదో వంతు తగ్గిపోతుంది. ఎలివేటరు గింజ ఎత్తలేక మూలుగుతుంది, ఆంపియర్లు పెరుగుతాయి. నా అనుమానం ముందు అల్యూమినియం కేబుల్ లగ్గుల మీదికే పోతుంది. లగ్గు పక్కన తొడుగు రంగు మారి పెళుసెక్కిందేమో చూడండి. కాంటాక్టరు పాయింట్లను ఆకురాయితో రాయకండి. పైనున్న వెండి పోతుంది. పాడైతే మార్చడమే.

4. రిలే పదేపదే ట్రిప్పవుతుంటే సెట్టింగు పెంచేవాళ్లున్నారు. మోటారును కాల్చడానికి అంతకంటే దగ్గరిదారి లేదు. మరో సంగతి: స్టార్-డెల్టా స్టార్టరులో రిలే సాధారణంగా వైండింగు దారిలో ఉంటుంది. అక్కడ నేమ్ ప్లేటు ఆంపియర్లలో 58 శాతమే పెట్టాలి. 28 ఆంపియర్ల మోటారుకు 16. నేరుగా 28 పెట్టారంటే రిలే ఉన్నా లేనట్టే.

5. సీజన్ అయ్యాక వానాకాలమంతా పడి ఉన్న మోటారును 500 వోల్టుల మెగ్గరు వేయకుండా నడపొద్దు. 5 మెగోముల లోపు చూపిస్తే ఆరబెట్టాలి. డ్రైవు ఉంటే ముందు దాని కేబుళ్లు విప్పండి, మెగ్గరు వోల్టేజికి డ్రైవు పోతుంది.

6. బేరింగుకు గ్రీజు ఎక్కువైనా వేడెక్కుతుంది.

7. ఊక దుమ్ము రెక్కల సందుల్లో పేరుకుంటే వేడి బయటికి పోదు. వైండింగు ఉండాల్సిన వేడికన్నా పది డిగ్రీలు ఎక్కువలో నడిస్తే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. రోజూ గాలి కొట్టించండి. ఖర్చు లేని పని కాబట్టే ఎవరూ చేయరు.

8. టర్మినల్ బాక్సు విప్పే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి మీ జేబులో వేసుకోండి. కరెంటు పోయిందో లేదో మీరే మీటరు పెట్టి చూడండి. "ఆపేశా అన్నా, చెయ్యి పెట్టు" అన్న మాట ఎవరు చెప్పినా సరే, నమ్మకండి.