అల్లిక – దిద్దుబాటు

విజయవాడ నగరానికి తూర్పువైపున, ఏలూరు రోడ్డును ఆనుకొని గుణదల ఉన్నది. అక్కడి కొండపై 1924లో లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే తిరునాళ్ళకు మతభేదం లేకుండా జనం తరలివస్తారు. తలనీలాలు సమర్పించేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు, పిల్లలను ఎత్తుకొని మెట్లెక్కేవారు, అందరితో కొండ నిండిపోతుంది. పూజలో బలిపీఠంమీద తెల్లని వస్త్రం పరుస్తారు. అటువంటి వస్త్రాలకు అంచుగా లేసు కుట్టడం క్రైస్తవ దేవాలయాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు.

ఆ కొండకింద ఒక ఇంటి అరుగుమీద ఇంటర్మీడియెట్ చదివే ఒక విద్యార్థిని కూర్చొని ఉన్నదనుకొందాం. తిరునాళ్ళనాటికి పీఠవస్త్రానికి ఒక లేసు అంచును తానే అల్లి ఇస్తానని ఇంట్లో మాట ఇచ్చింది. దీపావళి సెలవులలో మొదలుపెట్టింది. సంక్రాంతి వచ్చేసరికి రెండు మూరలు అల్లింది. అప్పుడు చూసుకొంటే అంచు ఒక కొన వెడల్పుగా, మరొక కొన సన్నగా ఉన్నది. ఎక్కడ తప్పు జరిగిందో తెలియదు. విప్పుదామంటే రెండు నెలల శ్రమ. విప్పకుండా ఉంచుదామంటే వస్త్రం పరచినప్పుడు అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. అల్లిక నేర్చుకొనే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది.

ఈ అమ్మాయి చేతిలోని పని కృష్ణా గోదావరి డెల్టాలకు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు క్రోషియా అల్లికను నేర్పారు. 1844 ప్రాంతంలో ఇది మొదలైందని చెబుతారు. నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో అది ఇంటింటి పనిగా విస్తరించి, అక్కడి లేసు సముద్రాలు దాటి ఐరోపా, అమెరికా దేశాల బల్లలమీదికి చేరింది. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సన్నని నూలుదారం, ఒక చిన్న కొక్కెపు సూది, వీటికి తోడు ఓపిక ఉంటే చాలు. మగ్గం అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. అందుకే అది అరుగులమీదికి అంత సులభంగా వచ్చింది.

సూది చిన్నదే అయినా దానిని ఎంచుకోవడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. స్టీలు క్రోషియా సూదులలో అంకె పెరిగేకొద్దీ కొక్కెం సన్నబడుతుంది. దారంలోనూ అంతే, 10వ నంబరు కంటె 20, దానికంటె 40 సన్నం. ఈ తిరగబడిన లెక్క తెలియక, పెద్ద అంకె పెద్ద సూది అనుకొని కొన్నవారు లావు దారాన్ని సన్నని కొక్కెంతో లాగలేక అవస్థపడతారు. కొత్తవారు 10వ నంబరు దారంతో మొదలుపెట్టడం మేలు. కుట్లు కంటికి కనిపిస్తేనే తప్పులూ కనిపిస్తాయి.

క్రోషియా అల్లికకు ఆధారం గొలుసు. సూదిమీద ఉన్న కన్నులోనుంచి దారాన్ని లాగితే మరొక కన్ను వస్తుంది; దానిలోనుంచి ఇంకొకటి. ఇలా కావలసినంత పొడవు గొలుసు వేసి, దానిమీద వరసలు కడతారు. కొత్తగా నేర్చుకొనేవారు భయంతో దారాన్ని బిగించి పట్టుకొంటారు. గొలుసు బిగుసుకొంటుంది. రెండవ వరసలో సూది కన్నులలోకి దూరదు. ఎలాగో దూర్చి అల్లినా, పై వరసలు సహజమైన వెడల్పుతో పరచుకొంటాయి కాబట్టి కింది అంచు ముడుచుకొని, అల్లిక విసనకర్రవలె విచ్చుకొంటుంది. గొలుసు మాత్రం కాస్త లావు సూదితో వేసి, తరువాత వరసలకు మామూలు సూదికి మారడం దీనికి సులువైన ఉపాయం. దారాన్ని చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువేలిమీదుగా జారనిస్తే బిగువు వేళ్ళ అదుపులో ఉంటుంది. కన్ను కొక్కెంమెడ వద్ద కాక, సూది కాడమీద పూర్తి లావున నిలవాలి. ఇది చెబితే రాదు. పదిమూరల గొలుసు వేసి విప్పితే వస్తుంది.

అసలు చిక్కు వరస చివరలలో ఉంటుంది. సూదికి దారాన్ని ఒకసారి చుట్టి వేసే పొడవు కుట్టుతో అల్లేటప్పుడు, కొత్త వరస మొదట మూడు గొలుసుకన్నులు వేస్తారు. ఆ మూడూ కలిసి ఒక కుట్టుగా లెక్క. కాబట్టి తరువాతి కుట్టును కింది వరసలోని రెండవ కుట్టుమీద వేయాలి. వరస చివరికి వచ్చినప్పుడు, కింది వరస మొదట వేసిన ఆ మూడుకన్నుల గొలుసు తలపైన చివరి కుట్టు పడాలి. చూడడానికి అది కుట్టువలె ఉండదు. అంచున ఒదిగిన దారపుముక్కవలె ఉంటుంది. కొత్తవారు దానిని వదలివేస్తారు. వరసకు ఒక కుట్టు పోతుంది. 40 కుట్లతో మొదలైన అల్లిక పది వరసలు పెరిగేసరికి 30 కుట్లకు దిగుతుంది. అరుగుమీది అమ్మాయి అంచు సన్నబడిన కారణం ఇదే.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉన్నది. మూడు కన్నులు వేసిన చోటనే మళ్ళీ ఒక కుట్టు వేస్తే వరసకు ఒకటి పెరుగుతుంది. విచిత్రమేమంటే, ఒకే వరసలో ఈ రెండు తప్పులూ చేసినవారికి లెక్క సరిగానే వస్తుంది, అంచు మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందువల్ల లెక్క ఒక్కటే చాలదు. మొదటి కుట్టుకు, చివరి కుట్టుకు వేరే రంగు దారపుముక్కలను గుర్తుగా కట్టుకొని, వరస ముగిసినప్పుడల్లా లెక్కించుకోవాలి. లెక్కించడానికి పట్టేది అరనిమిషం.

బల్లమీద పరిచే గుండ్రని లేసులో ఇంకొక తంటా. కొందరు అల్లినది గిన్నెవలె లోనికి ముడుచుకొంటుంది. మరికొందరిది పావడా కుచ్చెళ్ళవలె అలలు అలలుగా లేస్తుంది. చేతివాటం అంటూ తమను తాము నిందించుకొంటారు. నిజానికి అది గణితం. ఒక చుట్టు అల్లగానే వృత్తపు వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేరకు పెరుగుతుంది. వ్యాసార్థం ఎంత పెరిగితే పరిధి దానికి 6.28 రెట్లు పెరగాలి. పొడవు కుట్టు ఎత్తు దాని వెడల్పుకు ఇంచుమించు రెండింతలు. అంటే ప్రతి చుట్టుకూ పన్నెండు కుట్లకు సరిపడే అదనపు స్థలం ఏర్పడుతుంది. మొదటి చుట్టు 12, రెండవది 24, మూడవది 36, నాలుగవది 48. రెండవ చుట్టులో ప్రతి కుట్టుమీదా రెండేసి, మూడవ చుట్టులో ఒకటి విడిచి ఒకదానిమీద రెండు, నాలుగవ చుట్టులో రెండు విడిచి మూడవదానిమీద రెండు వేస్తే ఈ సంఖ్యలు వస్తాయి. అంతకు తక్కువైతే గిన్నె, ఎక్కువైతే కుచ్చెళ్ళు. ఎత్తు, వెడల్పు సమానంగా ఉండే పొట్టి కుట్టుకు ఇదే లెక్కన ఆరు చాలు. పాఠశాలలో నేర్చిన వృత్తపరిధి సూత్రాన్ని, ఆ పేరు ఎన్నడూ వినని స్త్రీలు వేళ్ళతో పాటిస్తూనే వచ్చారు.

రెండు సూదులతో ఉన్ని అల్లేవారి తిప్పలు మరొక రకం. క్రోషియాలో ఒకేఒక్క కన్ను సూదిమీద ఉంటుంది. ఉన్ని అల్లికలో వరసలోని కన్నులన్నీ సూదిమీదనే ఉంటాయి. వాటిలో ఒకటి జారితే కిందికి వరస వెంట వరస ఊడిపోతూ నిచ్చెనవలె అవుతుంది. కంగారుపడి లాగకూడదు. జారిన కన్నును ముందు ఒక పిన్నీసుకు తగిలించి, క్రోషియా సూదితో నిచ్చెనమెట్టును ఒక్కొక్కటిగా కన్నులోనుంచి పైకి లాగుతూ వచ్చి, తిరిగి సూదికి ఎక్కించాలి. ఇక ఒకవైపు నున్నగా ఉండే అల్లిక అంచులు చుట్టుకొనిపోవడం తప్పే కాదు. ఆ అల్లిక స్వభావమే అది. అంచుల వద్ద రెండువైపులా ఒకేవిధంగా ఉండే గరుకు అల్లికను కొన్ని కుట్ల మేర వేస్తే చుట్టుకోదు. అయితే విజయవాడ ఎండలలో స్వెట్టరు ఎవరికి కావాలి? ఈ ప్రాంతంలో నూలు లేసుకే ఎక్కువ ఆదరణ కలగడం సహజం.

తప్పును దిద్దడం అందరికీ ఒకే ఖరీదు కాదు. నరసాపురం ప్రాంతంలో ఈ పనిని ముక్కలుగా పంచారు. పూలు, చదరాలు అల్లడం చేతిపని; వాటిని కలిపి కుట్టడం అతుకుపని. మధ్యవర్తి దారం ఇచ్చి, అల్లినదానిని తీసుకొని కూలి చెల్లిస్తాడు. చేసిన పనికే కూలి కాబట్టి, విప్పి మళ్ళీ అల్లిన గంటలకు పైసా రాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించి రాసిన గ్రంథం 1982లో వెలువడింది. ఇంట్లో కూర్చొని చేసే పని గనుక దానిని తీరికవేళ కాలక్షేపంగా భావించారనీ, ప్రపంచ విపణికి సరుకు తయారుచేసే ఆ స్త్రీలను గృహిణులుగానే లెక్కగట్టారనీ, అందువల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె వాదించారు. సరదాకు అల్లేవారికి ఒక కుట్టు తప్పితే విసుగు. కూలికి అల్లేవారికి అది ఆ పూట కూడు.

అటువంటి చోట పెరిగినవారికి తప్పును తూచడం తెలుస్తుంది. మన విద్యార్థిని ఇంటి పక్కన, నరసాపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఉన్నదనుకొంటే, ఆ సంభాషణ ఇలా సాగవచ్చు.

"మామ్మగారూ, ఇదంతా విప్పాలా?"

"ఆగమ్మా. ముందు తప్పు ఎక్కడుందో చూడనీ. ఉన్నచోటే కూర్చుందా, పైకి పాకిందా?"

ఈ ప్రశ్నలో ఒక వివేకం ఉన్నది. ఒక కుట్టు దారం చీలి, పోగుల మధ్యనుంచి సూది దూరితే అక్కడ చిన్న నూగు కనిపిస్తుంది. అది ఉన్నచోటనే ఉంటుంది. పై వరసకు ఏమీ కాదు. ఒక పొడవు కుట్టు కొంచెం వదులైతే ఉతికి ఆరవేసినప్పుడు సర్దుకొంటుంది. ఇటువంటివాటి కోసం మూర అల్లికను విప్పడం తొందరపాటు. కాని, కుట్టు పోతే ఆ లోటు ప్రతి వరసకూ సంక్రమిస్తుంది. జాలీ రంధ్రాలు ఒకదానికింద ఒకటి నిలవక పక్కకు జరుగుతాయి. తరువాతి వరసలో ఒక కుట్టు అదనంగా వేసి సంఖ్య సరిచేయవచ్చు. నిండుగా అల్లిన గుడ్డలో అది చెల్లుతుంది. రంధ్రాల అమరికతోనే అందం వచ్చే లేసులో చెల్లదు. ఈ అమ్మాయి అంచు జాలీ అంచు. పైగా ఒకటి కాదు, మూడు కుట్లు పోయాయి. మొదటి కుట్టు పోయినది జానెడు అల్లిన తరువాత. అంటే ఆ జానెడు నిలుస్తుంది, మిగిలిన మూరన్నర విప్పవలసిందే.

విప్పడానికీ పద్ధతి ఉన్నది. సూదిని తీసివేసి దారాన్ని మెల్లగా లాగుతూ, సరియైన చివరి వరస ముగింపు దగ్గర ఆగాలి. అంతకు ముందే ఆ స్థానంలో రంగుదారం కట్టుకొంటే వేగంలో దాటిపోరు. విప్పిన దారం మెలికలు మెలికలుగా ఉంటుంది. దానితోనే వెంటనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకు చుట్టి, లచ్ఛీగా కట్టి, నీటిలో తడిపి, కాస్త బరువు వేలాడదీసి ఆరనిస్తే మెలికలు పోతాయి. పని మధ్యలో లేవవలసి వస్తే, సూదిమీది కన్నును పొడవుగా లాగి పిన్నీసు గుచ్చడం మంచిది. లేకపోతే ఇంట్లోని పిల్లిపిల్లకు అది ఆటవస్తువు.

ఉండ అయిపోయినప్పుడు కొత్త దారాన్ని ముడివేసి కలపడం మరొక పొరపాటు. ముడి ఉతుకులో ఊడుతుంది, ఊడకపోయినా పూవు మధ్యలో కురుపువలె తేలుతుంది. రెండు కొనలనూ నాలుగైదు అంగుళాలు వదలి, సన్నసూదితో కుట్లలోకి ముందు ఒక దిక్కుకు, తరువాత ఎదురు దిక్కుకు దూర్చి కత్తిరించాలి.

చెమట ఈ ప్రాంతపు అల్లికకు ప్రత్యేక శత్రువు. తడివేళ్ళకు దారం అంటుకొని బిగువు మారుతుంది, తెల్లదారం బూడిదరంగుకు తిరుగుతుంది. చేతులు కడుగుకొని, ఉండను మూతగల డబ్బాలోనో శుభ్రమైన సంచిలోనో ఉంచి, ఉదయపు చల్లదనంలో అల్లడం అనుభవజ్ఞుల అలవాటు. అల్లిక ముగిశాక తేలికపాటి సబ్బునీటిలో ఉతికి, పలుచని గంజిలో ముంచి, పిండకుండా తువ్వాలులో అద్ది, పలకమీద కొలత ప్రకారం పరచి తుప్పుపట్టని గుండుసూదులు గుచ్చాలి. తుప్పుమరక పడితే ఇక పోదు. ఆరిన తరువాత పైన గుడ్డ వేసి, వెనుకవైపునుంచి ఇస్త్రీ చేస్తే పూలు అణగిపోవు.

వస్త్రానికి కుట్టే ముందు ఆ వస్త్రాన్ని ఒకసారి ఉతికి ఆరబెట్టడం తప్పనిసరి. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుదించుకొంటుంది. అప్పటికే లేసు కుట్టి ఉంటే అంచు అంతా ముడతలు పడుతుంది. మూలల వద్ద లేసును బిగలాగక, కొద్దిగా కుచ్చుపోసి తిప్పాలి. లేకపోతే నాలుగు మూలలూ పైకి లేస్తాయి. మూల తిరగడానికి ఎంత కుచ్చు కావాలో ముందు గుండుసూదులతో నిలిపి చూసుకోవాలి. అందుకు జానెడు లేసు అదనంగా అల్లుకోవడం మంచిది. ఫిబ్రవరి మొదటివారానికి అది కూడా పూర్తి కావాలంటే, అరుగుమీది అమ్మాయి రోజుకు బెత్తెడు చొప్పున, వరస వరసకూ లెక్కించుకొంటూ అల్లవలసి ఉంటుంది.