ఆవిరికి ద్వారపాలకుడు

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు దాని లోపలి వైపు నుండి నీటి బొట్లు జారిపడటం అందరూ ఎరిగినదే. ఆవిరి మూతను తాకి, తనలోని వేడిని దానికి అప్పగించి, మళ్లీ నీరయింది. శీతల దేశాలలో ఇళ్లను వెచ్చగా ఉంచే ఆవిరి తాపన వ్యవస్థ ఈ చిన్న మార్పు మీదనే ఆధారపడి ఉంది.

నూరు డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ఒక గ్రాము నీరు ఆవిరిగా మారడానికి సుమారు 540 కేలరీల ఉష్ణాన్ని గ్రహిస్తుంది. దీనినే గుప్తోష్ణం అంటారు. ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు ఆ ఉష్ణమంతా బయటపడుతుంది. బాయిలరులో పుట్టిన ఆవిరి గొట్టాల వెంట సాగి, గదిలోని రేడియేటర్ అనే బోలు ఇనుప చట్రంలో ప్రవేశించి, అక్కడ తన గుప్తోష్ణాన్ని ధారపోస్తుంది. గది వెచ్చబడుతుంది, నీరు మిగులుతుంది. ఆ నీటిని బయటకు పంపకపోతే వెనుక వచ్చే ఆవిరికి చోటుండదు. పోనీ, దారిని ఎల్లప్పుడూ తెరిచే ఉంచుదామా అంటే, నీటితో పాటు ఆవిరి కూడా తన వేడినంతా మోసుకొని వెళ్లిపోతుంది.

ఈ చిక్కును విడదీసే పరికరమే స్టీమ్ ట్రాప్. 'ట్రాప్' అంటే బోను. పేరు బోనే అయినా, చేసే పనిని బట్టి దానిని ద్వారపాలకుడు అనడమే సబబు. నీరు గాని, గొట్టాలలో మిగిలిపోయిన గాలి గాని వస్తే తలుపు తీయాలి. ఆవిరి వస్తే మూయాలి. విద్యుత్తు గాని, మనిషి చేయి గాని లేకుండానే ఇదంతా జరగాలి.

రేడియేటర్ల చివర తరచుగా కనిపించే ట్రాప్ లోపల కొలిమితిత్తి వలె ముడతలు పడిన పలుచని లోహపు తిత్తి ఒకటి ఉంటుంది. అందులో ఆవిరి ఉష్ణోగ్రత కంటె కొంచెం తక్కువ వేడికే మరిగే ద్రవం నింపుతారు. ఆవిరి తాకగానే ఆ ద్రవం మరిగి, తిత్తి సాగి, రంధ్రాన్ని మూసివేస్తుంది. కొంత చల్లబడిన నీరు చేరగానే తిత్తి ముడుచుకొని దారి ఇస్తుంది. మరొక రకంలో బోర్లించిన చిన్న బకెట్ ఉంటుంది. దాని కింద ఆవిరి చేరితే బకెట్ తేలి కవాటాన్ని మూస్తుంది. నీరు నిండితే మునిగి తెరుస్తుంది. మొదటిది ఉష్ణోగ్రతను బట్టి, రెండవది సాంద్రతను బట్టి నీటిని, ఆవిరిని వేరుచేస్తాయి.

తిత్తి చిరిగి, ట్రాప్ తెరిచినది తెరిచినట్లే ఉండిపోతే ఆవిరి తిరుగు గొట్టాలలోకి దూసుకుపోతుంది. అప్పుడు ఇతర గదుల నుండి నీరు సరిగా దిగదు. కొన్ని గదులు ఉడికిపోతుంటే కొన్ని చలికి వణుకుతాయి. మూసుకొనే ఉండిపోతే రేడియేటర్ నీటితో నిండి చల్లబడుతుంది. గృహాలలో ఇది అసౌకర్యం, ఇంధన నష్టం. వీధుల కింది పెద్ద గొట్టాలలో ప్రాణాపాయం.

న్యూయార్క్ నగరంలో 1882 నుండి వీధుల కింది గొట్టాల ద్వారా భవనాలకు ఆవిరిని సరఫరా చేస్తున్నారు. ఎంపైర్ స్టేట్ భవనం కూడా ఈ ఆవిరితోనే వెచ్చబడుతుంది. 2007 జూలై 18 ఉదయం అక్కడ భారీ వర్షం కురిసింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ సమీపంలో, 1924లో వేసిన ఒక గొట్టం చుట్టూ చల్లని వాన నీరు చేరింది. లోపలి ఆవిరి మామూలుకంటె త్వరగా నీరు కాసాగింది. ఆ నీటిని తోడవలసిన ట్రాప్‌లు అప్పటికే పూడుకుపోయి ఉన్నాయి. అంతకు ముందు గొట్టానికి చేసిన మరమ్మతులో, కారుతున్న అతుకును మూయడానికి ఎక్కించిన జిగురు పదార్థం లోపలికి చొరబడి, గట్టిపడి, వాటికి అడ్డుపడిందని దర్యాప్తులో తేలింది.

నీటి నడుమ చిక్కుకున్న ఆవిరి బుడగ ఒక్కసారిగా నీరయితే అక్కడ శూన్యం ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న నీరు ఆ శూన్యంలోకి ఉరికి, సమ్మెట పోటు వలె గొట్టాన్ని కొడుతుంది. ఆనాటి సాయంత్రం ఆరు గంటలకు కొద్దిగా ముందు ఆ దెబ్బకు గొట్టం బద్దలయింది. వీధి మధ్య పెద్ద గొయ్యి ఏర్పడి, అందులో ఒక లారీ కూలిపోయింది. బురదతో కలిసిన ఆవిరి ఆకాశహర్మ్యాల ఎత్తుకు ఎగసింది. ఒక మహిళ గుండెపోటుతో మరణించింది, పలువురు గాయపడ్డారు. నగరవాసులు తొలుత దానిని ఉగ్రవాదుల దాడిగా భయపడ్డారు.

అందుచేత ట్రాప్‌లను అవి పనిచేస్తుండగానే పరీక్షిస్తారు. ఇరువైపులా ఉష్ణోగ్రతను కొలుస్తారు. చెవికి వినబడని శబ్దాన్ని పట్టే పరికరాన్ని ఆనించి ఆలకిస్తారు. బోర్లించిన బకెట్ ట్రాప్ బాగుంటే ఆగి ఆగి తెరుచుకొంటూ మూసుకొంటూ ఉండే చప్పుడు వస్తుంది. ఎడతెగని బుస వినబడితే ఆవిరి జారిపోతున్నట్లు. ఏ చప్పుడూ లేక, ముట్టుకుంటే చల్లగా ఉంటే, లోపల నీరు నిలిచి ఉందేమోనని ముందుగా ఆ ట్రాప్‌నే విప్పి చూస్తారు.