అడిగిన ధర, అమ్ముడైన ధర

హైదరాబాద్ లాడ్ బజార్‌లో దుకాణదారు మొదట చెప్పిన ధరకే గాజులు కొనుక్కొస్తే ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా? బేరమాడటం పుట్టుకతో వచ్చిన పాతబస్తీ కుర్రాళ్లు కూడా వెబ్‌సైట్ల డొమైన్ పేర్ల దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోతారు. ఎవరో తన డొమైన్ పక్కన పది లక్షలని రాసుకుంటే, అదే దాని విలువనుకుంటారు. అది అతను అడుగుతున్న ధర. ఇచ్చేవాడు ఇంకా రాలేదు.

దేశాల కోడ్‌లతో ముగిసే పేర్లలో ఈ సొంత డప్పు మరీ ఎక్కువ. మన డాట్ ఇన్ 2005లో అందరికీ తెరుచుకుంది. ముందు అడిగినవాళ్లదే పేరు, ఖర్చూ తక్కువే. ఇక డాట్ ఏఐ అయితే ఆంగ్విలా అనే చిన్న కరీబియన్ దీవి కోడ్. కృత్రిమ మేధ జోరులో 2023లో ఆ దీవి ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైగా ఈ పేర్ల మీదే వచ్చింది. "చూశారా, పేర్లలో ఎంత డబ్బుందో!" అని ఊరిస్తుంటారు. ఉంది, కాదనను. ఆ డబ్బు కట్టినవాళ్లలో తిరిగి అమ్ముకుందామని పేర్లు కొని దాచుకున్నవాళ్లూ ఉన్నారు మరి.

"ఫలానా పేరు ఐదు లక్షలకు అమ్మాను" అని ఎవరైనా చెబితే నోరు తెరవకండి, లెక్క అడగండి. మీ దగ్గర మొత్తం ఎన్ని పేర్లున్నాయి? నిరుడు ఎన్ని అమ్ముడుపోయాయి? మిగిలినవాటి రెన్యూవల్‌కి ఎంత కట్టారు? జవాబుకు బదులు కోర్సు ఫీజు ప్రస్తావన వచ్చిందా, ఆయన అసలు సరుకేమిటో తెలిసిపోయినట్టే.

మీరే అమ్మేవారైతే ఇంకో జాగ్రత్త. హైదరాబాదీ హలీంకు 2010లో, లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎన్నో చేతులు కలిసి తెచ్చిన పేర్లవి. వాటిని ఇరికించి ఓ డజను డొమైన్లు కొన్నంత మాత్రాన మీరు పాతబస్తీ వారసులు కాలేరు. వేరొకరి ట్రేడ్‌మార్క్‌తో డాట్ ఇన్ పేరు కొని, తిరిగి వాళ్లకే ఎక్కువకు అమ్మజూస్తే, వివాద పరిష్కార విధానం కింద మధ్యవర్తి ఆ పేరును వాళ్లకే ఇప్పించవచ్చు. మీరు గొప్పగా పంపిన ఆఫర్ మెయిలే అక్కడ మీకు ఎదురు సాక్ష్యం.

కొనేవాళ్లకు రాసేటప్పుడు పేరు, ధర, వాళ్లకు దాని ఉపయోగం చెప్పి ఆపండి. "అరుదైన అవకాశం", "చివరి రోజు" లాంటివి తీసేయండి. ఏళ్లు గడిచినా ఒక్కరూ అడగని పేర్లకు ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఆ రోజు కాస్త మనసు పీకుతుంది, అంతే.