నరాల గడ్డకు కోడ్ వేసే ముందు ఒక్క క్షణం ఆగండి

బీఎస్సీయో బీఫార్మసీయో చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ పాసై అమెరికా ఆసుపత్రుల చార్టులకు కోడ్లు వేస్తున్న ఆడపిల్లలు మన హైదరాబాద్‌లో ఎంతమందో! ఈసారి ముచ్చట ప్రత్యేకంగా మీతోనే. క్యాన్సర్ కాని నరాల గడ్డల గురించి మాట్లాడుకుందాం. కొత్తగా చేరినవాళ్లే కాదు, అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడే చోటు ఇది.

రిపోర్టులో ‘బినైన్’ అని కనబడగానే మనసు తేలికపడుతుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ష్వానోమానే తీసుకోండి. నరం చుట్టూ ఉండే పొర కణాల్లో పుట్టే గడ్డ అది. చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో కపాల నరం మీద వస్తే కోడ్ డీ33.3. అకౌస్టిక్ న్యూరోమా అని డాక్టర్లు రాసేది దీన్నే. అదే గడ్డ ముంజేతి నరం మీద ఉంటే డీ36.12, కాలి నరం మీదైతే డీ36.13, మెడలో అయితే డీ36.11. గడ్డ ఒకటే, చోటు మారితే కోడ్ మారిపోతుంది. అందుకే ముందు ఇండెక్స్ చూడండి, అక్కడి నుంచి నియోప్లాజం పట్టికకు వెళ్లండి, చివరగా టాబ్యులర్‌లో సరిచూసుకోండి. చోటు రాసి ఉన్నా వెతికే ఓపిక లేక డీ36.10 వేసేయడం మాత్రం వద్దమ్మా.

ఇక మోర్టన్స్ న్యూరోమా. కాలివేళ్ల మధ్య, ఎక్కువగా మూడో నాలుగో వేళ్ల నడుమ, ఒత్తిడికి నరం చుట్టూ కణజాలం మందమెక్కడం వల్ల వచ్చే బాధ. ఇది అసలు గడ్డే కాదు. కాబట్టి డీ కోడ్లలో దీనికి చోటు లేదు, జీ57.6లో చూడాలి. కుడి పాదానికి జీ57.61, ఎడమ పాదానికి జీ57.62, రెండింటికీ అయితే జీ57.63. చేయో కాలో తీసేసిన చోట మొండి దగ్గర వచ్చే న్యూరోమాకు టీ87.3 కింద వేరే కోడ్లున్నాయి. వంశపారంపర్యంగా వచ్చే న్యూరోఫైబ్రోమటోసిస్ అయితే క్యూ85.0కి వెళ్లాలి. టైప్ ఒకటికి క్యూ85.01, టైప్ రెండుకు క్యూ85.02. డీ36.1 కింద ఉన్న ఎక్స్‌క్లూడ్స్1 నోట్ ఈ సంగతే చెబుతుంది. నోట్స్ చదవకుండా దాటేసే అలవాటుంటే ఇవాళే మానుకోండి.

ఇప్పుడొక చార్ట్ చూద్దాం. కుడి చెవిలో హోరు, అదే చెవికి వినికిడి తగ్గిందని ఒకావిడ ఔట్‌పేషెంట్‌గా వచ్చింది. ఆడియోగ్రామ్‌లో కుడివైపు నరానికి సంబంధించిన వినికిడి లోపం తేలింది, ఎడమ చెవి బాగుంది. అసెస్‌మెంట్‌లో డాక్టర్ ‘ప్రాబబుల్ వెస్టిబ్యులార్ ష్వానోమా, ఎమ్మారై చేయించాలి’ అని రాశారు. మన చెయ్యి డీ33.3 వైపు లాగుతుంది. వేయకూడదు! ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ ఔట్ అని రాసినవి ఔట్‌పేషెంట్‌లో జబ్బుగా కోడ్ చేయరాదని ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ రోజుకు ఖాయంగా తెలిసినవి లక్షణాలే. హోరుకు హెచ్93.11, వినికిడి లోపానికి హెచ్90.41. ఆసుపత్రిలో చేరిన ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ నాటికి కూడా డాక్టర్ ఆ మాటే రాస్తే నియమం వేరు, అక్కడ జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తాం. చార్ట్ తెరవగానే ఇన్‌పేషెంటా, ఔట్‌పేషెంటా అని చూడమని నేను పదే పదే పోరేది ఇందుకే.

ఇంకో చిక్కుముడి డీ48.2. ‘అన్‌సర్టెన్ బిహేవియర్’ అంటే మనకు తెలియక అనుమానంగా ఉందని కాదు. పెథాలజిస్టు ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాక కూడా ఇది మంచిదో చెడ్డదో తేల్చలేమని రాస్తేనే ఆ కోడ్. గడ్డ తీసి ల్యాబ్‌కు పంపి ఉంటే, పెథాలజీ రిపోర్ట్ వచ్చేదాకా ఆగి కోడ్ చేయండి. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు, ఈ పనికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది.

బిల్లు దగ్గర ఇదంతా బయటపడుతుంది. చర్మపు నరం మీది న్యూరోఫైబ్రోమానో ష్వానోమానో తీస్తే సీపీటీ 64788, పెద్ద నరం మీదైతే 64790, మోర్టన్స్ న్యూరోమా తీస్తే 28080. సీఎమ్మెస్-1500 ఫారంలో 12 డయాగ్నసిస్ కోడ్ల దాకా రాయొచ్చు. ఏ ఆపరేషన్ ఏ జబ్బుకు చేశారో పాయింటర్‌తో కలపాలి. 28080 పక్కన జీ57.61 ఉండాల్సిన చోట డీ36.13 పెడితే, రెండింటికీ పొంతన లేదని బీమా కంపెనీ డినయల్ పంపగలదు. అప్పుడు పాదానికి కట్టుతో ఇంట్లో కూర్చున్న ఆ మనిషి చేతికి వేల డాలర్ల బిల్లు వెళ్లవచ్చు. బినైన్ బదులు పొరపాటున సీ47 పడిందంటే ఇంకా ఘోరం. లేని క్యాన్సర్ ఆమె రికార్డులోకి ఎక్కి కూర్చుంటుంది.

టార్గెట్ల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. గంటకు ఇన్ని చార్టులని తరుముతుంటే ఆగి ఆలోచించే తీరికెక్కడిదని అడుగుతారు. నిజమే. కానీ రిపోర్టులో చోటు లేకపోయినా, రెండు నోట్లు ఒకదానికొకటి పొసగకపోయినా క్వెరీ పెట్టడం మీ హక్కు, మీ బాధ్యత కూడా. పెట్టేటప్పుడు ‘ఇది ష్వానోమాయే కదా’ అని జవాబు మనమే అందించకూడదు. చార్టులో ఉన్నది చూపించి, తేల్చిచెప్పమని డాక్టర్‌నే అడగాలి. టీమ్ లీడ్‌లుగా ఎదిగిన అక్కలకూ ఒక మాట: క్వెరీ పెట్టిన పిల్లను నెమ్మదస్తురాలని చులకన చేయకండి, వెనకేసుకు రండి.

మనం ఆ రోగి మొహం ఎన్నడూ చూడం, ఆమెకు మన పేరు కూడా తెలియదు. అయినా ఆమె జబ్బు గురించి బీమా కంపెనీ నమ్మేది మనం వేసిన కోడ్‌నే. కాబట్టి చెల్లాయిలూ, డాక్టర్ రాసింది వేయండి, రాయనిది అడగండి, ఊహించింది మాత్రం ఎప్పుడూ వేయకండి.