సంఘం లెక్కల తాళంచెవి ఎవరి దగ్గర? - కంప్యూటరు కొనే ముందు మామిడి రైతులు తెలుసుకోవలసిన సంగతులు

కాయ కలిసి అమ్ముకుందామని నలుగురు రైతులు చేరి సంఘం పెట్టుకున్నాక ఆఫీసులోకి కంప్యూటరు రాక తప్పదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకున్నా, ఉత్పత్తిదారుల కంపెనీ అయినా ఇది మామూలే. హనుమాన్ జంక్షన్‌లో షాపుకు వెళ్లి ధర అడుగుతాం, గ్యారంటీ అడుగుతాం. లోపల వేసే సాఫ్ట్‌వేరు ఎవరిది, దాని షరతులేమిటి అని మాత్రం అడగం. తీరా ఇబ్బంది పెట్టేది అదే.

ఏప్రిల్ నెల అనుకోండి. బంగినపల్లి కోతలు జోరుగా సాగుతున్నాయి. రైతుల కాటా చీటీలన్నీ లెక్కల ప్రోగ్రాములోకి ఎక్కించారు. ఇంతలో దాని ఏడాది గడువు తీరింది. డబ్బు కడితేగాని తెరుచుకోదు. పోనీ వేరే ప్రోగ్రాముకు మారదామంటే పాత లెక్కలు అందులో తెరుచుకోవు. కాయ మీది, కాటా మీది, లెక్క మాత్రం ఎవరి చేతిలోనో ఉంది.

అంటు మొక్కతో పోల్చి చూడండి

మీ తోటలో చిన్నరసం చెట్టు బాగా కాస్తే పుల్ల తీసి టెంక మొక్కకు అంటు కట్టుకుంటారు. వియ్యంకుడు అడిగితే రెండు పుల్లలు ఇస్తారు. విత్తనాల విషయంలో ఇలాంటి హక్కునే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రాసి పెట్టింది. విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా ఇలాంటిదే. దీన్నే ఓపెన్ సోర్సు అని కూడా అంటారు. ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా రాశారో విప్పి చూడవచ్చు, అవసరం కొద్దీ మార్చుకోవచ్చు, పక్క సంఘానికి కాపీ ఇవ్వవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పనికి పూనుకున్నారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దీనికి తోడైంది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం కూడా లినక్సే.

అయితే ఉచితం కదా అని మాత్రమే దీని జోలికి పోవద్దు. అంటు పుల్ల ఊరికే వచ్చినా కట్టేవాడికి కూలి ఇవ్వాలి కదా! నేర్పడానికి, బాగుచేయడానికి ఇక్కడా ఖర్చు ఉంటుంది.

ఇదేదో కొత్త ప్రయోగం కాదు. బెంగళూరులో 2010లో మొదలైన షేర్ల వ్యాపార సంస్థ జెరోధా తన పనిలో ఎక్కువ భాగం ఇలాంటి సాఫ్ట్‌వేరు మీదే నడుపుతోంది. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే లాభాపేక్ష లేని సంస్థ తెలుగులో కనిపించే లినక్సును తయారుచేసింది. ఆఫీసుల్లో వీటికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానం ప్రకటించింది.

ఎలా మారాలి?

ఒక్కసారిగా మారవద్దు. కాయ దిగాక, కొమ్మల కత్తిరింపులు చేసే జూలై, ఆగస్టు నెలల్లో మొదలుపెట్టండి. ఉన్న కంప్యూటరులోనే ‘లిబ్రెఆఫీస్’ వేయించుకోండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. అందులోని ‘కాల్క్’ పట్టికలో ముందుగా ఒక్క రిజిస్టరు, కాటా రిజిస్టరు ఎక్కించండి. 1,240 కిలోల కాయకు క్వింటాలుకు 5 కిలోల చొప్పున తరుగు తీస్తే 62 కిలోలు పోయి 1,178 కిలోలు మిగులుతుంది. ఈ లెక్క కట్టే సూత్రం ఆ గడి మీద నొక్కితే కనిపిస్తుంది. తరుగు ఎంత పట్టారో, కమీషను దేని మీద వేశారో ఏ సభ్యుడైనా వచ్చి చూసుకోవచ్చు. నా మటుకు నాకు, లైసెన్సు డబ్బు మిగలడం కంటే ఇదే పెద్ద లాభం.

ఒక సీజనంతా పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పక్కపక్కనే నడపండి. రెండింటి మొత్తాలు సరిపోయాకే పాతది ఆపండి. పని ఒక్కరికే తెలిస్తే వారు ఊరెళ్లిన రోజు ఆఫీసు మూతే, కాబట్టి ఇద్దరికి నేర్పించండి.

తీర్మానాలు తెలుగులో టైపు చేయించేటప్పుడు యూనికోడ్‌లోనే చేయమనండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించినవి ఆ ఫాంటు లేని మిషనులో పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి. మన కృష్ణా జిల్లా నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు మీద ‘మండలి’ అనే ఫాంటు కూడా అందులో ఉంది.

విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 పడని పాత మిషన్లు మీ దగ్గర ఉంటే పారేయకండి, వాటిలో లినక్స్ వేయించి చూడండి. వేయించే ముందు మీ ప్రింటరు, ఎలక్ట్రానిక్ కాటా దానితో పనిచేస్తాయో లేదో తప్పక పరీక్షించుకోవాలి. అన్నీ పనిచేయవు. మీ ఆడిటరు ఫలానా ప్రోగ్రాములోనే లెక్కలు కావాలంటే ఆ ఒక్కదాన్నీ ఉంచుకోండి, తగువు అక్కర్లేదు. కాకపోతే నెలకోసారి అందులోని లెక్కలన్నీ పట్టికగా బయటికి తీసి పెట్టుకోవాలి.

ఆ పట్టికను పెన్‌డ్రైవులో వేసి అధ్యక్షుడి ఇంట్లో ఒకటి, కార్యదర్శి ఇంట్లో ఒకటి ఉంచండి. మూడు నెలలకోసారి దాన్ని వేరే కంప్యూటరులో తెరిచి, ఏదో ఒక రైతు పేరు తీసి, ఆయన దగ్గరున్న కాటా చీటీతో సరిచూడండి.