చిట్టికి, ఫిజియోథెరపీ విషయమై

గుంటూరు



నీ ఉత్తరం అందింది. ఫిజియోథెరపీ చదువుతానన్నావు, సంతోషం. మీ అమ్మ బెంగ సంగతి నేను చూసుకుంటాను. కాకపోతే నువ్వు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: "కాలు పోయినదాన్ని కాబట్టి వాళ్ల బాధ నాకు తెలుసు."

నేనూ ఇదే అనుకుని ఈ పనిలోకి వచ్చాను. కొత్తలో, షుగరు ముదిరి మోకాలి కింద కాలు తీసేసిన ఒక రైతు దగ్గరికి పంపారు. మనిషి మంచం దిగడు. నేను పంట్లాం పైకి లాగి కాలిపర్ చూపించి, పది నెలలప్పుడు పోలియో వచ్చిన దగ్గర్నుంచి నా కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "బాబూ, నీకు నడక రాకముందే పోయింది. నేను అరవై ఏళ్లు గట్ల మీద నడిచినోణ్ణి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మర్నాడు నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. మూడోరోజు ఆయనే అడిగాడు, మిరపచేనుకి నీళ్లు పెట్టేటప్పుడు గట్టు మీద నిలబడగలనా అని. వైద్యం అక్కణ్ణుంచి మొదలైంది.

అలాగని నీ కాలు ఈ పనిలో దేనికీ అక్కరకి రాదని కాదు. మే నెలలో పెట్టుడు కాలి సాకెట్‌లో చెమటపట్టి మేజోడు ముడతపడితే చర్మం ఎలా ఒరుసుకుపోతుందో నీకొకరు చెప్పక్కర్లేదు. చంకకర్ర మీద ఒరిగి బరువంతా చంకలో వేస్తే నరం నలుగుతుందని, బరువు అరచేతుల మీద ఉండాలని, చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు వదలాలని పుస్తకంలో ఉంది. నాకు మాత్రం ఆరో తరగతిలో, తిమ్మిరెక్కిన చేతిలోంచి పెన్ను జారిపోయినప్పుడే తెలిసింది. పేషెంటు అడిగితే ఇలాంటివి చెప్పు. అడక్కపోతే కర్ర ఎత్తు సరిచేసి ఊరుకో.

ఒంటికి తగ్గట్టు పనిని మలుచుకోవడానికి సిగ్గుపడకు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్‌కి 1954లో రోడ్డు ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడిపోయింది. కుష్ఠు రోగుల చేతుల ఆపరేషన్లు కూర్చునే చేయొచ్చు కనుక, ఆవిడ చక్రాల కుర్చీలో ఉండి అవి చేశారు. తర్వాత అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకొచ్చి వెల్లూరులోనే ఆ విభాగాన్ని నడిపారు. మనమెంత! నేను బరువైన పేషెంటుని ఒక్కణ్ణే లేపను. మంచం ఎత్తు సరిచూసుకుంటాను, ఇంకొకర్ని కేకేస్తాను.

ఇక సీటు సంగతి. నా ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన "నువ్వే పేషెంటులా ఉన్నావు, నువ్వేం వైద్యం చేస్తావయ్యా" అన్నాడు. కాలేజీ పేరు ఇప్పుడెందుకులే. నిన్ను ఆ మాట అనడం అంత తేలిక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. వైకల్యం శాతం అంకె ఒక్కటే చూసి కాదనకూడదని, చదువు సాగించగలరో లేదో వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరీక్షించి చెప్పాలని 2024లో ఒక ఎంబీబీఎస్ సీటు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిన్నెవరైనా కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమను.

అప్లికేషన్ పెట్టేముందు ఓ పదిరోజులు నా క్లినిక్‌కి రా. మూలన స్టూలు వేయిస్తాను. ఎవరికీ సలహాలు చెప్పకుండా ఊరికే చూడు. పొద్దున ఎనిమిదింటికి తలుపులు తీస్తాను. వచ్చేటప్పుడు నీ వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) జిరాక్సులు నాలుగు పట్టుకురా.

మీ మామయ్య