పోలీసు బండిలో సైకాలజిస్ట్ కొలువు

మానసిక ఆరోగ్యం చదివినవాళ్లకు ఉద్యోగం అనగానే ఏసీ గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, గంటకింతని ఫీజు గుర్తొస్తాయి. అమెరికాలో ఇదే చదువుకు మరో కొలువు ఉంది. అత్యవసర నంబరు 911కు ఫోన్ రాగానే పోలీసుతోనో పారామెడిక్‌తోనో కలిసి బండెక్కి, నలిగిపోతున్న మనిషి గుమ్మం దాకా వెళ్లే పని. దీన్ని పోలీసు ఉద్యోగానికి తోకలా చూడటం పొరపాటు. ఇది విడి వృత్తి, దీనికి తయారీ కూడా విడిగానే ఉండాలి.

1987లో మెంఫిస్‌లో కత్తి పట్టుకున్న ఒక మానసిక రోగిని పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాదే అక్కడ ఎంపిక చేసిన పోలీసులకు 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలైంది. మేలే, కానీ వచ్చేది మళ్లీ యూనిఫామే. 1989లో ఒరెగాన్‌లోని యూజీన్ పట్టణం ఇంకో అడుగు వేసి, కహూట్స్ పేరుతో ఒక మెడిక్‌నూ ఒక క్రైసిస్ వర్కర్‌నూ వ్యాన్‌లో పంపింది. అదే బాటలో డెన్వర్ నగరం 2020 జూన్‌లో స్టార్ అనే బృందాన్ని దించింది. మొదటి ఆరు నెలల్లో అది 748 కాల్స్‌కు వెళ్తే ఒక్క అరెస్టూ జరగలేదు. 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఆ బృందం తిరిగిన ప్రాంతాల్లో అది లక్ష్యంగా పెట్టుకున్న చిన్నపాటి నేరాల ఫిర్యాదులు 34 శాతం తగ్గాయి. హింస, ఆయుధం ఉన్నాయన్న కాల్స్ ఈ బృందానికి అప్పగించరు కాబట్టి ఈ లెక్కను అన్ని కాల్స్‌కూ అంటగట్టకూడదు. అయినా ఇంత తేడా ఎందుకొచ్చిందో గుమ్మం దగ్గర చూస్తే తెలుస్తుంది. పని తెలిసినవాళ్లు తలుపుకు అడ్డంగా నిలబడరు, బయటికి దారి వదిలి పక్కకు ఉంటారు. వాకీటాకీ శబ్దం తగ్గిస్తారు. అవతలి మనిషి కింద కూర్చుంటే తామూ కూర్చుంటారు. ‘ఏం చేశావు?’ అని అడగరు. రాత్రి నిద్రపోయారా, ఏమైనా తిన్నారా, మందులు ఎప్పుడు ఆపేశారు అని అడుగుతారు. నాడి, షుగర్ చూడటం పారామెడిక్ వంతు, ఎందుకంటే షుగర్ పడిపోయిన మనిషీ పిచ్చిగా మాట్లాడినట్టే కనిపిస్తాడు. ఈ ఒడుపు తరగతి గదిలో సగమే వస్తుంది.

ప్రమాదం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు, న్యాయమే. అందుకే పోలీసుతో కలిసి వెళ్లే చోట పరిస్థితి సద్దుమణిగిందో లేదో ముందు పోలీసే చూసి, తర్వాత పక్కకు జరుగుతాడు. నన్నడిగితే ప్రమాదం కన్నా పెద్ద చిక్కు నిలకడ. అంత పేరున్న కహూట్స్ సేవలే నిధుల కొరతతో 2025 ఏప్రిల్‌లో యూజీన్‌లో ఆగిపోయాయి. అయితే ఆగింది ఒక పథకం, నేర్చిన విద్య కాదు. అదే విద్యతో ఎమర్జెన్సీ వార్డులోనో, 988 మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్‌లోనో పని దొరుకుతుంది. అమెరికా వెళ్లి సోషల్ వర్క్‌లో పీజీ చేయాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. క్లినికల్ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, డిగ్రీ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసిన గంటలు చూపించాల్సిందే.

మన దగ్గర ఇలాంటి పోస్టు ఎక్కడుంది అన్నది గట్టి అభ్యంతరం. 108లో టెక్నీషియన్, పైలట్ ఉంటారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉండరు. కానీ అవసరాన్ని చట్టమే ఒప్పుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని పోలీసు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. చెప్పింది బాగానే ఉంది గానీ, ఆ మనిషిని బండెక్కించేలా మాట్లాడేదెవరో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీ దగ్గరికి చేరే దారులు ఇప్పటికే ఉన్నాయి: 14416 నంబరుతో 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఎమ్మెస్సీ సైకాలజీ ఒక్కటే చాలదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. సైకియాట్రిక్ నర్సింగ్, సోషల్ వర్క్ వేరే దారులు, వీధి పనికి ఇంకా దగ్గరివి కూడా. ఏ దేశంలోనైనా ఇలాంటి ఇంటర్వ్యూకు వెళ్తే జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి. రాత్రి రెండింటికి కాల్ వస్తే నాతో వచ్చేదెవరు, ఆసుపత్రికా ఇంటికా అన్న నిర్ణయం ఎవరిది అని కూడా అడగండి.